ఎడమ చైను

పళ్ళ మేస్త్రి ఎడమ చైనును తెలిసి తెలిసి తిరగేసి ఎక్కించాడు.

బల్ల మీద మూరెడు పొడవున యుద్ధటాంకు నిలబడి ఉంది. అసలు బండిలో పదహారో వంతు. కుడి చైను నిన్ననే ఎక్కింది. ఎడమదాన్ని ఇవాళ బల్ల మీద బారుగా పరిచి, దాని మీదికి చక్రాలు నడిపించి, రెండు కొసలూ పైకి లాక్కొచ్చి, గుండుసూది తుంచి చేసిన మేకుతో కలిపాడు. అసలు బండికీ ఇలాగే ఎక్కిస్తారని, ఒకప్పుడు దాన్ని నడిపిన మామ చెప్పాడు.

ఊళ్ళో ఏ పళ్ళ డాక్టరు కట్టుడుపళ్ళు పెట్టినా అవి పళ్ళ మేస్త్రి చేతిలోంచి వచ్చినవే. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు. ఆ నోరు ఎవరిదో ఇతనికి తెలియదు, ఇతని మొహం ఆ నోటివాళ్ళకి తెలియదు. నవ్వు మాత్రం ఇతను చేసిందే. చైను లింకులు కూడా చిగుళ్ళకి వాడే గులాబిరంగు సరుకుతోనే పోత పోశాడు, చేతికి అలవాటైనది అదే గనక. ఒక్కో వైపు డెబ్బై తొమ్మిది. రంగు వేసేదాకా ఆ టాంకు నూట యాభై ఎనిమిది చిగుళ్ళ మీద నిలబడ్డట్టే ఉండేది. చూసి భార్య, "యుద్ధానికా, కొరకడానికా?" అంది.

ప్రతి లింకు మీదా రెండు గట్లు వచ్చి ముక్కులా కలుస్తాయి, ట్రాక్టరు టైరు మీద ఉన్నట్టే. బండికి ఎదురుగా నిలబడి చూస్తే ఆ ముక్కులు నేల వైపు ఉండాలి. అప్పుడే బురదను పక్కలకి తోసేసి నేలను పట్టుకుంటాయి. చైను తిరగబడితే ముక్కులు ఆకాశం వైపు చూస్తాయి. బురద పోగేసుకుని, తడిచేతిలో సబ్బులా జారతాయి. ఈ బండికి కుడివి కిందికున్నాయి. ఎడమవి పైకున్నాయి.

"అయిందా అల్లుడూ?" అంటూ మామ గోడ పట్టుకుని వచ్చాడు. రెండు కళ్ళూ మంచుపట్టిన అద్దాల్లా ఉన్నాయి. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. స్టూలు మీద కూర్చుని ఒళ్ళో తువ్వాలు పరుచుకున్నాడు, పసిబిడ్డను అందుకోబోతున్నట్టు.

పళ్ళ మేస్త్రి బండిని ఆ ఒళ్ళో పెట్టాడు.

మామ బొటనవేలు ముందు ఫిరంగి గొట్టం మీద, తరవాత మూత మీద, తరవాత వెనక కొక్కేనికి వేలాడే బకెట్టు మీద నడిచింది. చింతగింజంత బకెట్టు.

"చిల్లు పెట్టావా?"

"పెట్టాను మామయ్యా."

"అడుగునేనా?"

"అడుగునే. సూది కాల్చి పెట్టాను."

"ఆ చిల్లు బకెట్టుతోనే స్నానాలు. సగం నీళ్ళు నెత్తికి, సగం నేలకి." నవ్వాడు. తరవాత వేలు ఎడమ చైను మీదికి వచ్చింది. ఒక్కో లింకూ తడుముతూ పైనుంచి కిందికి దిగింది. మళ్ళీ ఎక్కింది. ఆలోచించేటప్పుడు పై పళ్ళ సెట్టును నాలుకతో కిందికి దించి మళ్ళీ టక్కున ఎక్కించడం ఆయనకి అలవాటు. అలా రెండుసార్లు టక్కుమనిపించాడు.

"ముక్కు పైకి. ఇదే. ఇదే మా బండి."

"ఆ రోజు చూసుకోలేదా మామయ్యా మీరెవరూ?"

"వానలో చైను తెగింది. పరిచాం, బండి నడిపించాం, మేకు కొట్టాం. కొట్టాక చూశాను. సార్, తిరగబడింది, విప్పి వేద్దాం అన్నాను. టైము లేదు, పద అన్నాడు ఆఫీసరు. పదమంటే పద. మనం చేసేదేముంది?"

తరవాత ఏమైందని పళ్ళ మేస్త్రి అడగలేదు. తరవాతి సంగతి బోర్డు మీద ఉంది. ఆ 'సార్' పేరు మీదే ఊళ్ళో స్మారక భవనం కట్టారు. లోపల పాలరాతి బోర్డు మీద బంగారు అక్షరాలు: 'డ్రైవరు అజాగ్రత్త వలన టాంకు కాలువలోకి ఒరిగిపోగా, కదలలేని స్థితిలోనూ తుదిశ్వాస వరకు పోరాడి…' కళ్ళు ఉన్న రోజుల్లో మామ ఒకసారి వెళ్ళి చదువుకుని వచ్చాడు. మళ్ళీ ఆ వీధిన నడవలేదు.

ఆ భవనాన్ని బాగుచేయించి ఇప్పుడు మళ్ళీ ప్రారంభిస్తున్నారు. అందులో పెట్టడానికే ఈ బొమ్మ. పళ్ళ డాక్టరు గదిలో పళ్ళ మేస్త్రి చేసిన రైలింజను చూసి, కమిటీ కార్యదర్శి కబురు పెట్టాడు. ఇతను డ్రైవరు అల్లుడని ఆయనకి తెలియదు. ఇతనూ చెప్పలేదు. పాలరాతి మీద అక్షరం మార్చే తాహతు తనకి లేదు. చైను మార్చే తాహతు ఉంది. అది అద్దాల పెట్టెలో ఉంటే చాలు. చూసే కళ్ళున్నవాడు ఎప్పుడో ఒకడు వచ్చి, ఎడమది తిరగబడి ఉందేమిటని అడగకపోడు.

మంగళవారం పొద్దున్నే టాంకును పెట్టెలో దూది మధ్య పెట్టుకుని భవనానికి తీసుకెళ్ళాడు. హాల్లో పాలిష్ వాసన. ఎవడో నిచ్చెనెక్కి బల్బులు మారుస్తున్నాడు. తెల్లబూట్లు వేసుకుని కార్యదర్శి వచ్చాడు. ఆయన వెనకాలే, కాగితం ముక్కలు గుచ్చిన మూడు లావుపాటి పుస్తకాలతో ఇంకొకాయన. భవనం గురించి చిన్న పుస్తకం రాసింది ఈయనే. అందరూ పుస్తకాలాయన అంటారు.

"చరిత్రలో వెంట్రుకవాసి తేడా రాకూడదు మేస్త్రీ," అన్నాడు కార్యదర్శి. "అందుకే ఈయన్ని పిలిపించాను."

పుస్తకాలాయన టార్చిలైటు వేసి, వంగి, బోల్టులు లెక్కపెట్టాడు. కుడి మూతకి తొమ్మిది ఉండాలి. తొమ్మిదీ ఉన్నాయి. దీపాల మీద జాలీ చూశాడు. ఆకుపచ్చ రంగు పక్కన పుస్తకంలో బొమ్మ పెట్టి, కళ్ళు చికిలించి, తల ఊపాడు. బకెట్టు దగ్గర ముచ్చటపడి ఆగిపోయాడు.

"బలే పెట్టావయ్యా. ఎక్కడా రాసి లేదు గానీ సహజంగా ఉంది. అలాంటివి ఉండేవే."

పళ్ళ మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టార్చి ముందువైపుకి వచ్చింది. ఆగింది.

"అయ్యయ్యో," అన్నాడు పుస్తకాలాయన, ఎదుటివాడి ప్యాంటు జిప్పు తెరుచుకుని ఉండడం చూసినవాడిలా గొంతు తగ్గించి. "ఎడమ చైను తిరగబడిందయ్యా. కంగారుపడకు. బొమ్మలు చేసేవాళ్ళలో నూటికి తొంభైమంది చేసే తప్పే."

"తప్పు కాదండీ. కావాలనే వేశాను. ఆ రోజు ఆ బండికి అలాగే ఉంది."

"ఎక్కడుంది?"

"మీ పుస్తకంలోనేనండీ. పదకొండో పేజీ."

చొక్కా జేబులోంచి ఆ చిన్న పుస్తకం తీసి పరిచాడు. పళ్ళ సెట్లకి అంచులు చూసుకునే భూతద్దం దాని మీద పెట్టాడు. కాలువ గట్టున ఒరిగిపోయిన టాంకు ఫొటో. ముందు ఎడమవైపు బురద రాలిపోయిన చోట మూడు లింకులు. మూడింటి ముక్కులూ పైకి.

పుస్తకాలాయన చాలాసేపు చూశాడు. "బురద," అన్నాడు.

"బురద లేని చోట చూడండి."

"ఫొటో తిరగేసి ప్రింటయి ఉంటుంది. పాత ఫొటోల్లో మామూలే."

"తిరగేస్తే ఎడమది కుడవుతుందండీ. పైది కింద కాదు గదా. బండి నంబరు కూడా సరిగ్గానే చదవొస్తోంది."

నిచ్చెన మీదివాడు పని ఆపి కిందికి చూశాడు. పుస్తకాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంతవరకు చదువుకున్నావు మేస్త్రీ?"

"ఆరు."

"ఊఁ."

ఆ 'ఊఁ'లో తలుపు వేసి గడియ పెట్టిన చప్పుడుంది.

"అసలు నీకెవరు చెప్పారు ఈ సంగతి?" అన్నాడు కార్యదర్శి.

"డ్రైవరేనండీ. మా మామగారు."

కార్యదర్శి తెల్లబూట్లు ఒకదానికొకటి దగ్గరికి వచ్చాయి. "బతికే ఉన్నాడా?"

"మా ఇంట్లోనే ఉంటాడండీ. మార్కెట్టు వెనకాల."

పుస్తకం రాసినాయనకి ఆ మార్కెట్టులో కూరలు కొన్న రోజులున్నాయి. దాని వెనకాల ఎవరుంటారో కనుక్కోవలసిన రోజు ఒక్కటీ రాలేదు. ఆయన తేరుకుని అన్నాడు: "డ్రైవరు అలా చెప్పక ఇంకెలా చెబుతాడయ్యా? విచారణ జరిగింది. కాగితం ఉంది, సంతకంతో సహా. అజాగ్రత్త అని స్పష్టంగా ఉంది."

ఎవరి సంతకమో పళ్ళ మేస్త్రి అడగలేదు. ఆఫీసర్లదే అయి ఉంటుందనుకున్నాడు.

"బకెట్టు సంగతి కూడా డ్రైవరు చెప్పిందేనండీ," అన్నాడు.

"అది వేరు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడితో వాదించవచ్చు. నాలుగో కాలు కనబడుతున్నా పుస్తకంలో లేదనేవాడితో ఏం వాదిస్తాం?

కార్యదర్శి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. పళ్ళ మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి బోర్డు దగ్గరికి నడిపించాడు. "చూడు. ఇక్కడ డ్రైవరు అనే ఉంది, పేరు లేదు. ఆదివారం లోపల ఈ పలక మార్పిస్తున్నాం. ఆయన పేరు రాయిస్తాను. ప్రారంభం రోజున ముందు వరసలో కూర్చోబెడతాను. నా మాట. నువ్వు ఆ చైను సరిచేసుకురా."

"చెయ్యకపోతేనండీ?"

"చెయ్యకపోతే ఏముంది? బొమ్మ నీ ఇంట్లో ఉంటుంది. ప్రారంభం ఇక్కడ అవుతుంది."

ఇంటికి వచ్చేసరికి భార్య కుట్టుమిషను దగ్గర ఉంది. తండ్రి తెల్లచొక్కా కాలరు విప్పి, నలిగిన వైపు లోపలికి, మంచి వైపు పైకి వచ్చేలా తిరగేసి కుడుతోంది. పెట్టెలోంచి టాంకు తియ్యకుండానే విషయం చెప్పాడు.

ఆమె తొక్కుడు ఆపింది. "పేరు రాస్తామన్నారా?"

"అన్నారు."

"నిజంగా?"

"చైను మారిస్తే."

"మార్చండి."

"ఏమంటున్నావు నువ్వు? ఆ చైను ఒక్కటే గదే ఆయన మాట. అది కూడా తీసేస్తే ఇంక మిగిలేదేముంది?"

"మాట ఎవరు విన్నారండీ ఇన్నేళ్ళూ? మీరూ నేనూ విన్నాం. చైను చూసి అర్థం చేసుకునే మొనగాడు ఎప్పుడొస్తాడు? వచ్చేదాకా నాన్న ఉంటాడా? పేరైతే అందరూ చదువుతారు. గుడ్డి కన్నా మెల్ల నయం…" లోపలి గదివైపు చూసి నాలుక కరుచుకుంది.

లోపల మంచం కిర్రుమంది. "ఏమిటమ్మా, పేరంటున్నారు?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పళ్ళ మేస్త్రి గుమ్మం దాకా వెళ్ళాడు. చైను సంగతి ముందు చెబుదామనే వెళ్ళాడు. నోరు తెరిచేసరికి రెండోదే వచ్చింది.

"బోర్డు మీద మీ పేరు రాస్తారట మామయ్యా. ఆదివారం మిమ్మల్ని పిలిచారు. ముందు వరసట."

మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. పళ్ళ సెట్టు కోసం గ్లాసు తడిమాడు, దొరకలేదు, బోసినోటితోనే అడిగాడు.

"ఇంటిపేరుతోనా?"

"ఆఁ."

"నా పేరుకి ఒత్తు ఉంటుందని చెప్పు. ఆర్మీలో ఎప్పుడూ ఒత్తు లేకుండానే రాసేవాళ్ళు." ఒంటి మీది బనీను తడుముకున్నాడు. "చొక్కా ఉందా అమ్మాయ్, మంచిది?"

"కుడుతున్నా నాన్నా," అంది ఆమె మిషను దగ్గర్నుంచి. ఆ గొంతు విన్నాక పళ్ళ మేస్త్రికి ఇంక తేల్చుకోవలసిందేమీ మిగల్లేదు.

గురువారం మధ్యాహ్నం మామ కునుకు తీస్తుండగా పని మొదలుపెట్టాడు. పట్టకారుతో మేకు పట్టి లాగాడు. చైను వదులై బల్ల మీదికి జారింది. దాన్ని ఎత్తి, ఆ కొస ఈ వైపుకీ ఈ కొస ఆ వైపుకీ తిప్పి, మళ్ళీ బారుగా పరిచాడు. చక్రాలు నడిపించాడు. కొసలు కలిపాడు. మేకు కొట్టాడు. రంగు లేచిన చోట సన్నకుంచెతో అద్దాడు. గడియారం చూశాడు. పది నిమిషాలు.

అసలు బండికి ఎంతసేపు పట్టేదో, గంటో, గంటన్నరో. ఆ గంటన్నర లేకే ఒక మనిషి పాలరాయి అయ్యాడు, ఇంకో మనిషి పాలరాతి మీద తప్పు అయ్యాడు.

ఎదురుగా వంగి చూశాడు. రెండు వైపులా ముక్కులు కిందికి. ఏ లోపమూ లేదు. అంత చక్కటి పని అతను ఈ మధ్య చెయ్యలేదు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

"ఆయనకి చెప్పకండి," అంది భార్య. "అద్దాల పెట్టెలో ఉంటుంది. ముట్టుకోనివ్వరు. ఎలాగూ కనబడదు."

శనివారం బండిని అప్పగించాడు. పుస్తకాలాయన టార్చి వేసి చూసి, "ఇప్పుడు చరిత్రలా ఉంది," అన్నాడు. కార్యదర్శి ఒక అట్టముక్క ముందుకి జరిపాడు. 'ఈ నమూనాలోని ప్రతి వివరమూ చారిత్రక ఆధారాలతో సరిచూసి, యథాతథంగా రూపొందించబడినది.' కింద గీత. గీత కింద, 'తయారీదారు సంతకం'.

"ఇదెందుకండీ?"

"పెట్టె పక్కన పెడతాం. నీకే పేరు."

కలం తీసుకున్నాడు. ఆరో తరగతిలో ఆగిపోయిన అక్షరాలు, ఒక్కోటీ విడిగా, పన్ను పక్కన పన్ను పేర్చినట్టు గీత మీద పేర్చాడు. పాత బోర్డు ఉన్న చోట గుడ్డ కప్పి ఉంది. వెనక కొత్త పలక బిగించారట. రేపటిదాకా తియ్యకూడదట.

ఆదివారం పది గంటలకి హాలు నిండింది. మామ ముందు వరసలో, తిరగేసిన కాలరు మెడకి అంటి, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ఒక పక్క కూతురు, ఒక పక్క అల్లుడు. ఉపన్యాసాలయ్యాయి. కార్యదర్శి తాడు లాగాడు. గుడ్డ జారింది. చప్పట్లు.

"నా పేరుందా అమ్మాయ్?" అన్నాడు మామ, చప్పట్లలో వినబడదేమోనని గట్టిగా.

ఆమె చదువుతోంది. పళ్ళ మేస్త్రి కూడా చదివాడు. అతను నెమ్మదిగా చదువుతాడు గనక ఆమె తరవాత చేరుకున్నాడు. వాక్యం పాతదే. ఒక్క అక్షరం మారలేదు. 'డ్రైవరు' అన్న మాట పక్కన మామ పేరు, ఇంటిపేరుతో సహా, ఒత్తుతో సహా. ఆ పక్కన 'అజాగ్రత్త వలన'.

ఇన్నాళ్ళూ ఆ తప్పుకి పేరు లేదు.

"ఉంది నాన్నా," అంది కూతురు.

"ఒత్తుందా?"

"ఉంది."

"ఏమని ఉంది?"

"డ్రైవరు అని." ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్ళ మేస్త్రి లేచాడు. ఏం చెయ్యాలని లేచాడో అతనికే తెలియదు. కార్యదర్శి అప్పటికే నవ్వుతూ ఎదురొస్తున్నాడు. చేసిన మేలు మొహంలో మెరుస్తోంది. "మాట నిలబెట్టుకున్నానా మేస్త్రీ? రండి పెద్దాయనా, మీ బండి చూద్దురుగాని. ఏయ్, అద్దం తియ్యండి. ముట్టుకోనివ్వండి ఆయన్ని. ఫొటో బాగా వస్తుంది."

"అద్దం ఎందుకండీ తియ్యడం," అన్నాడు పళ్ళ మేస్త్రి. "రంగు ఇంకా ఆరలేదు."

"నిన్న ఆరిందన్నావుగా."

ఇద్దరు మనుషులు అద్దాల పెట్టె ఎత్తి పక్కన పెట్టారు. మామని నడిపించుకొచ్చారు. ఫొటోలవాడు, "ఇటు చూడండి పెద్దాయనా," అన్నాడు. మామ ఎటూ చూడలేదు. బొటనవేలు ఫిరంగి మీద, మూత మీద నడిచి, వెనక్కి వెళ్ళి బకెట్టును ఒకసారి ఊపింది. ఆయన మొహంలోకి నవ్వు వచ్చింది. తరవాత వేలు ఎడమవైపుకి వచ్చింది.

పైనుంచి కిందికి దిగింది. ఆగింది. మళ్ళీ ఎక్కింది. ఒక్కో లింకూ, ఒక్కో లింకూ.

పై సెట్టు టక్కుమంది. పళ్ళ మేస్త్రి తన చేత్తో చేసిన సెట్టు. ఆ చప్పుడు అతనికి ఎక్కడున్నా తెలుస్తుంది.

"ఈ బండి పడదు అల్లుడూ," అన్నాడు మామ.

"అవును మరి!" అన్నాడు కార్యదర్శి. "గట్టిగా చేశాడు. వందేళ్ళు ఉంటుంది." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఫొటోలవాడు ఆ నవ్వు తీసుకున్నాడు. అద్దాల పెట్టె మళ్ళీ దించారు.

తిరిగి కుర్చీల వైపు నడుస్తుంటే మామ చెయ్యి అల్లుడి మోచేతి మీద ఉంది. బరువు లేదు ఆ చేతికి. కొంచెం దూరం పోయాక, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"సంతకం పెట్టించుకున్నారా?"

"పెట్టించుకున్నారు మామయ్యా."

మామ తల ఊపాడు. కుర్చీ అంచు కోసం చేత్తో వెతికి, పట్టుకుని, మెల్లిగా కూర్చున్నాడు. కాలరు సరిచేసుకున్నాడు.

"నా చేత కూడా," అన్నాడు.